‘రోలింగ్’ అన్నాక తుమ్మకూడదు: కెమెరా బాబాయ్ జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా సినిమా మాటల మీదే ఉన్నాయి. కాలవలు కట్టేసి, కాలేజీలకి సెలవులిచ్చారంటే మన వైపు ఏ గట్టు మీద చూసినా నలుగురు కుర్రాళ్ళు సెల్‌ఫోను పట్టుకుని షార్ట్ ఫిల్ము తీస్తూ ఉంటారు కదా, అదీ సంగతి. నేను మద్రాసులోనూ తరవాత హైదరాబాదులోనూ కెమెరా అసిస్టెంటుగా బతికి, ఇప్పుడు రాజోలు పక్కన కొబ్బరితోటలో కూర్చున్నవాణ్ని. డైరెక్టర్ని కాను కాబట్టి కళ గురించి అడక్కండి. సెట్లో ఏ మాటకైనా అర్థం కావాలంటే, ఆ మాట వినపడగానే ఎవరు పరిగెడతారో చూడాలి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. అలాగే చెప్తాను.

బాబాయ్ గారూ, సినిమాల్లో షూటింగ్ చూపించినప్పుడు ‘స్టార్ట్ కెమెరా, యాక్షన్’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నిజంగా అంతేనా? ఆ నలుపు తెలుపు పలక దేనికి?
డిగ్రీ విద్యార్థిని, నరసాపురం

అంతే అయితే మాకు జీతాలెందుకిస్తారమ్మా! వరస ఇదీ. ముందు అసోసియేట్ ‘సైలెన్స్’ అని అరుస్తాడు. అప్పుడు ఫ్యాన్లు ఆపే కుర్రాడు పరిగెడతాడు. తరవాత ‘సౌండ్’ అంటారు. రికార్డిస్టు మెషీను తిప్పి, అది నిలకడ వేగానికి రాగానే ‘రన్నింగ్’ అని బదులిస్తాడు. ఆ తరవాతే ‘కెమెరా’. మేం స్విచ్చి నొక్కి, మోటారు వేగం అందుకున్నాక ‘రోలింగ్’ అంటాం. క్లాప్ కుర్రాడు పలక లెన్సు ముందు పెట్టి సీను నంబరు, షాటు నంబరు, టేకు నంబరు చదివి టక్కున కొట్టి పక్కకి తప్పుకుంటాడు. ఇన్నీ అయ్యాక డైరెక్టరు గారి నోటినుంచి ‘యాక్షన్’.

సౌండు ముందు, కెమెరా తరవాత ఎందుకంటే డబ్బు గురించి. టేపు చవక, ఫిల్ము ఖరీదు. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములుంటాయి. సెకనుకి 24 ఫ్రేములు నడుస్తాయి. అంటే సెకనుకి అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. 400 అడుగుల మ్యాగజైను, అంటే కెమెరాకి తగిలించే ఫిల్ము డబ్బా, నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. వెయ్యి అడుగులదైతే 11 నిమిషాలు. అందుకే ‘రోలింగ్’ అన్నాక ఎవరైనా తుమ్మితే ప్రొడక్షన్ మేనేజరు చూసే చూపు వేరేగా ఉండేది. ఇప్పుడంతా కార్డుల్లోకి ఎక్కుతోంది, తుమ్ముకి విలువ పడిపోయింది.

ఇక పలక. బొమ్మ ఒకచోట, చప్పుడు ఒకచోట రికార్డవుతాయి. రెండూ కలపాల్సినవాడు ఎడిటర్. పలక రెక్క మూసుకున్న ఫ్రేము, టక్కుమన్న చప్పుడు ఎదురెదురుగా పెట్టుకున్నాడంటే మిగతా షాటంతా దానంతటదే కలిసిపోతుంది. ఒక్కోసారి మొదట్లో కొట్టడం కుదరదు. ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతూ ఉంటుంది, లేదా గట్టు మీద కొంగలు వాలి ఉంటాయి. అప్పుడు షాటు అయ్యాక, ‘కట్’ చెప్పకముందు పలకని తలకిందులుగా పట్టుకుని కొడతారు. బోర్లా ఉన్న పలక కనిపిస్తే ఇది చివరి క్లాప్ అని ఎడిటరుకి తెలుస్తుంది.

మన తెలుగులో మాటలు తరవాత డబ్బింగులో చెప్పించడమే ఎక్కువ కదా, మరి లొకేషన్లో సౌండెందుకని అడుగుతావేమో. అప్పట్లో ఔట్‌డోరుకి తెచ్చే ఆరిఫ్లెక్స్ 2సి కెమెరా చేసే రొద అంతా ఇంతా కాదు. దాని పక్కన మైకు పెడితే పనికొచ్చే మాట దొరకదు. అయినా ఆర్టిస్టు ఎక్కడ ఊపిరి తీశాడో, ఏ మాట దగ్గర ఆగాడో డబ్బింగు థియేటర్లో తెలియాలి. అందుకోసం ఒక కచ్చా రికార్డింగు తీసుకునేవారు. దాన్ని పైలట్ ట్రాక్ అనేవాళ్ళం.

కాలవగట్టు మీద అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకునే సీను తీశామండి. ఇద్దరికీ విడివిడిగా క్లోజులు పెట్టాం. తీరా ఎడిటింగులో చూస్తే ఇద్దరూ ఒకే వైపు చూస్తూ ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టుంది. ఎక్కడ తేడా కొట్టింది?
షార్ట్ ఫిల్ముల కుర్రాడు, పాలకొల్లు

లైను దాటావు తమ్ముడూ. నీ షాట్లు చూడకుండానే ఒక సంగతి చెప్తాను, సరిచూసుకో: అన్న వెనకాల కాలవ కనిపిస్తోంది, చెల్లెలి వెనకాల వరిచేను కనిపిస్తోంది. అవునా?

అన్న ముక్కు నుంచి చెల్లెలి ముక్కు దాకా గట్టు మీద ఒక గీత గీసినట్టు అనుకో. దాన్ని ఇమాజినరీ లైను అంటాం. నువ్వు చేను వైపు నిలబడి తీస్తే అన్న ఎడమ పక్కన ఉండి కుడివైపు చూస్తాడు. చెల్లెలు కుడి పక్కన ఉండి ఎడమవైపు చూస్తుంది. ఇద్దరి చూపులూ ఎదురుపడతాయి. అంతవరకు బాగుంది. చెల్లెలి క్లోజు దగ్గరికొచ్చేసరికి ఎండ కళ్ళల్లో పడుతోందనో, వెనకాల చేను పచ్చగా బాగుందనో కాలవ వైపుకి వెళ్ళిపోయావు. అటు నుంచి చూస్తే ఆ అమ్మాయి ఎడమ పక్కకి వచ్చేసి కుడివైపు చూస్తుంది. అన్నా కుడికే చూస్తున్నాడు, చెల్లెలూ కుడికే చూస్తోంది. అక్కడ మనుషులు కదల్లేదు, నువ్వు కదిలావు. చూసేవాడికి ఆ సంగతి తెలియదు కదా.

లైనుకి ఒక పక్క ఉన్న అర్ధచంద్రంలో ఎక్కడైనా నిలబడు, నీ ఇష్టం. ఆ పక్కనే ఉండు. తప్పనిసరిగా దాటాలంటే దార్లు లేకపోలేదు. కెమెరా ఆపకుండా నడుచుకుంటూ షాటులోనే అటు పక్కకి వెళ్ళు, ప్రేక్షకుడు కూడా నీతో వస్తాడు. లేదా అన్నని నడిపించు. అతను చెల్లెల్ని దాటి అటు వెళ్తే లైనే మారిపోతుంది. ఇప్పుడు తీసేసిన సీనుకి మందు కావాలంటే, రెండు క్లోజుల మధ్యా కాలవలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క షాటో, గట్టు మీద పోయే సైకిలో ఒకటి పెట్టు. దాన్ని కటవే అంటారు. పూర్తిగా నయం కాదు గానీ నొప్పి తగ్గుతుంది.

కంప్యూటర్లో షాటుని అటుదిటు తిప్పెయ్యమని నీకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకు. చెల్లెలి పైట కుడిభుజం మీదకి పోతుంది. మీ అమ్మగారు మొదటి సెకన్లోనే పట్టేస్తారు.

ఇంకోసారి తీసేటప్పుడు ఇలా వెళ్ళు. ముందు మాస్టర్ షాటు. ఇద్దరూ, గట్టూ, కాలవా కనపడేలా సీను మొత్తం మొదటి నుంచి చివరిదాకా ఒకే షాటులో తియ్యి. ఎవరు ఎక్కడ ఏం చేశారో అదే నీకు సాక్ష్యం. తరవాత సజెషన్లు. చెల్లెలి భుజమో చెవో ఫ్రేము అంచున మసగ్గా పెట్టుకుని అన్న ముఖం తియ్యడం. ఆమె అక్కడుందని చూచాయగా చెప్తున్నాం అన్నమాట. ఆ తరవాత క్లోజులు. అన్న వైపు షాట్లన్నీ అయ్యాకే రివర్స్ తిరుగు. ఒకటి ఇటు, ఒకటి అటు తీస్తూ కూర్చుంటే రిఫ్లెక్టర్లూ థర్మోకోలు షీట్లూ ప్రతిసారీ మోసుకు తిరగాలి. పైగా మన గట్ల మీద కొబ్బరాకుల నీడ ఉంటుంది చూడు, దాన్ని నమ్మడానికి లేదు. మధ్యాహ్నం ముక్కు మీదున్న ఎండచుక్క టీ తాగొచ్చేసరికి చెవి మీద ఉంటుంది.

క్లోజు తీసేటప్పుడు ఎదుటి ఆర్టిస్టు లేకపోతే చూపు ఎక్కడ పెట్టాలని అడుగుతారు. లెన్సు పక్కన పిడికిలి పట్టుకుని ‘లుక్ ఇక్కడ’ అని చెప్పడం మా అసిస్టెంట్ల పని. పెద్ద పెద్ద హీరోలు నా పిడికిలిని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

వెన్నెల రాత్రి సీన్లు పట్టపగలే తీస్తారట, నిజమేనా అన్నయ్య గారూ?
గృహిణి, అమలాపురం

నిజమేనమ్మా. దాన్ని డే ఫర్ నైట్ అంటాం. ఎండ ఆర్టిస్టు వీపు మీద పడేలా నిలబెడతారు. ఆకాశం ఫ్రేములోకి రాకుండా కెమెరా కాస్త కిందకి వంచుతారు. ఒక నీలం ఫిల్టరు వేసి, ఎక్స్‌పోజరు ఓ రెండు స్టాపులు తగ్గిస్తారు. ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు. రెండు తగ్గితే నాలుగో వంతే మిగిలినట్టు. జుట్టు మీదా భుజాల మీదా వెలుగు అంచు కడుతుంది, గోదారి నీళ్ళు తళతళలాడతాయి, కొబ్బరాకులు వెండి రంగుకి తిరుగుతాయి. ఇవాళ ఫిల్టరు కూడా లేకుండా డీఐలో, అంటే తీసిన సినిమాని కంప్యూటర్లో రంగులు సరిదిద్దే చోట, ఇంకా నాజూగ్గా చేస్తున్నారు.

పట్టుకోవాలంటే రెండు చోట్ల చూడండి. వెనకాల ఇంటి కిటికీలో దీపం వెలుగు ఉండదు. పగటి ఎండ ముందు ఆ దీపం ఎంత పెట్టినా ఆనదు. ఇంకోటి, వెన్నెల్లో తెల్లకొంగల బారు ఎగురుతూ కనిపిస్తే అది మధ్యాహ్నం మూడింటికి తీసిందే.

నాకు నచ్చిన పద్ధతి వేరు. సూర్యుడు దిగిపోయాక, చీకటి పడకముందు తియ్యడం. ముఖమూ కనపడుతుంది, లాంతరూ కనపడుతుంది. దాన్ని మ్యాజిక్ అవర్ అంటారు. పేరులో గంటుంది గానీ మన డెల్టాలో 20 నుంచి 25 నిమిషాలే. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నవాళ్ళం, ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు. చలి దేశాల్లో ఏటవాలుగా జారతాడు కాబట్టి వాళ్ళకి సంధ్య చాలాసేపు నిలుస్తుంది. అక్కడివాళ్ళ పుస్తకాలు చదివొచ్చిన కెమెరామన్లు ఇక్కడ మొదటి సాయంత్రమే కంగారు పడిపోతారు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద హీరోయిను వెళ్ళిపోయే షాటొకటి చేశాం. మధ్యాహ్నమంతా రిహార్సలే. పంటు నడిపే సరంగు గారికి డైరెక్టరు గారికంటే ఎక్కువసార్లు డైలాగు చెప్పించినంత పనైంది: ఎప్పుడు తాడు విప్పాలి, ఎంత దూరం పోయాక ఇంజను ఆపాలి. అసలు షాటుకి దొరికింది ఒక్క టేకు. రెండోసారి పంటు వెనక్కి తెచ్చేసరికి నరసాపురం వైపు దీపాలు తప్ప ఏమీ ఆనలేదు.

స్లో మోషన్ షాటుని మీరు ‘హై స్పీడ్’ అంటారేమిటి? తలకిందులుగా లేదూ?
రైసుమిల్లు గుమస్తా, తణుకు

మీరు తెరని చూసి మాట్లాడుతున్నారు, మేం కెమెరాని చూసి మాట్లాడతాం. కెమెరా వేగంగా తిరిగితే తెర మీద నెమ్మదవుతుంది. సెకనుకి 96 ఫ్రేములు తీసి, వాటిని మామూలుగా 24 చొప్పున వేస్తే ఒక సెకను పని నాలుగు సెకన్లు సాగుతుంది. దింపు తీసిన కొబ్బరికాయ బోదెలో పడి నీళ్ళు లేచే షాటు కావాలంటే 96 పెట్టండి, చుక్క చుక్కా లెక్కపెట్టుకోవచ్చు. ఫ్రేములు రెట్టింపు చేసినప్పుడల్లా ఒక్కో ఫ్రేముకి అందే వెలుగు సగమైపోతుంది, అంచేత ఒక స్టాపు లెన్సు తెరవాలి. మబ్బు పట్టిన రోజున హై స్పీడ్ అడిగిన డైరెక్టరు మీద కెమెరామన్ విసుక్కునేది అందుకే. అలాగే ఫైట్లలో 22, 20 ఫ్రేములకి తగ్గిస్తారు. చెయ్యి విసురు పెరుగుతుంది.

అసలు తమాషా పాటల్లో ఉంది. హీరో హీరోయిన్లు తేలిపోతూ రావాలి, పెదవులు మాత్రం పాటతో కలవాలి. 48 ఫ్రేముల్లో తీస్తూ లొకేషన్లో పాటని రెట్టింపు వేగంతో వేస్తారు. వాళ్ళు ఆ వేగానికే పెదవులు కదపాలి. తెర మీద అంతా సగానికి తగ్గి, పాటతో సరిగ్గా కూర్చుంటుంది. గట్టు మీద చూసే జనానికి మాత్రం ఎంత గొప్ప విరహగీతమైనా కీచుగొంతులతో పరిగెత్తే పాటే. ‘ఈ పాట ఆడదండీ’ అని మొహం మీదే చెప్పేసి వెళ్ళిపోయిన పెద్దాయనలున్నారు.

కుమారదేవం సినిమా చెట్టు అన్ని సినిమాల్లో కనిపించినా ఏ సినిమాకి ఆ సినిమాలో వేరే చెట్టులా ఉండేది. ఎలా?
ఇంటర్ విద్యార్థి, కొవ్వూరు

మంచి ప్రశ్న. ఆ నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోయాక నన్ను చాలామంది ఇదే అడిగారు.

లెన్సు దూరాన్ని మారుస్తుందని అందరూ అనుకుంటారు. మార్చదు. కెమెరా నిలబడ్డ చోటు మారుస్తుంది, లెన్సు అక్కణ్ణుంచి ఎంత మేర కత్తిరించాలో చెప్తుంది అంతే. 24 ఎం.ఎం. వైడ్ లెన్సు పెట్టి మొదట్లోకి వెళ్ళి కిందనుంచి చూడు. కొమ్మలు నీ నెత్తి మీదుగా విప్పారతాయి, వెనకాల గోదారి ఎక్కడో సన్నగా గీతలా ఉంటుంది, చెట్టు కింద మనిషి ఒంటరివాడైపోతాడు. అదే చెట్టుకి బాగా వెనక్కి నడిచి 200 ఎం.ఎం. పెట్టు. మాను ఫ్రేము నిండిపోయి, గోదారి దాని వెన్నంటి వచ్చి నిలబడ్డట్టుంటుంది. దూరంగా పోతున్న పడవ కొమ్మల్లోంచి పోతున్నట్టుంటుంది. పైగా పొద్దున్నొక నీడ, సాయంత్రమొక నీడ. ఆర్టు డిపార్టుమెంటువాళ్ళు ఒకరు కింద అరుగు కడతారు, ఒకరు బడి పెడతారు.

రెక్కీ అనే మాట విని ఉంటావు. షూటింగుకి ముందే డైరెక్టరు, కెమెరామన్, ఆర్టు డైరెక్టరు వెళ్ళి లొకేషన్ చూసుకోవడం. కారు దిగి ఫోటో తీసుకుని వెళ్ళిపోయేది రెక్కీ కాదు. ఏ వేళకి ఎండ ఎటు నుంచి వస్తుందో, జనరేటరు వ్యాను ఎక్కడ పెట్టాలో, వానొస్తే ఆ మట్టిరోడ్డు మీద క్రేను వెనక్కి వస్తుందో రాదో చూసుకోవాలి. మన నల్లరేగడి మీద ఈ చివరిదే ముఖ్యం.

పేపర్లో వచ్చే మాటలకి అర్థాలు చెప్పండి: ఫ్లోర్ మీదకి వెళ్ళింది, టాకీ పార్ట్ పూర్తయింది, ప్యాచ్ వర్క్, గుమ్మడికాయ కొట్టేశారు.
ఆక్వా రైతు, భీమవరం

ఫ్లోర్ అంటే స్టూడియోలో సెట్టు వేసే పెద్ద హాలు. మన రాజమండ్రిలో 1936లోనే నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టారు, అంచేత ఈ మాట మనకి మరీ కొత్తేం కాదు. ఇప్పుడు చెరువుగట్టు మీద తీసినా ‘ఫ్లోర్ మీదకి వెళ్ళింది’ అనే రాస్తారు. షూటింగ్ మొదలైందని అర్థం. టాకీ పార్ట్ అయిందంటే మాటల సీన్లు అయ్యాయి, పాటలు మిగిలాయి. ఎడిటింగులో కూర్చున్నాక బయటపడ్డ కన్నాలకి మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చే ముక్కలు ప్యాచ్ వర్క్. ఆ ముక్కల్లో హీరో జుట్టు కాస్త పెరిగి ఉంటుంది, గమనించండి. కొబ్బరికాయ కొడితే మొదలు, గుమ్మడికాయ కొడితే షూటింగ్ మొత్తం సమాప్తం. ఏ రోజుకారోజు ముగించేది ప్యాకప్. ఆ మాట వినగానే మాత్రం అందరూ పరిగెడతారు.

కథ, స్క్రీన్‌ప్లే, మాటలు అని టైటిల్సులో మూడు పేర్లు వేస్తారు. కథకీ స్క్రీన్‌ప్లేకీ ఏమిటి తేడా?
తెలుగు మాస్టారు, మలికిపురం

మాస్టారూ, మీకు నేను చెప్పడమా! మన వైపు సంగతే తీసుకుందాం. కొడుకు గల్ఫులో ఉన్నాడు. అతను పంపిన డబ్బు చెల్లెలి పెళ్ళికి చాలక తండ్రి చేను అమ్మేశాడు. కొడుకు సెలవుకి వచ్చాడు. ఇది కథ. ఇప్పుడు చేను అమ్మిన సంగతి ప్రేక్షకుడికి ఎప్పుడు చెప్పాలి? ముందే చెప్పేస్తే, కొడుకు బస్సు దిగి ‘నాన్నా, చేలోకి వెళ్ళొద్దాం’ అన్న మామూలు మాటకే మన గుండె జారుతుంది. చెప్పకుండా దాస్తే, అతనితోపాటే మనమూ గట్టెక్కి, అక్కడ వేరేవాడి కూలీలు ఊడ్పులు చేస్తూ ఉండటం చూసి నిలబడిపోతాం. కథ ఒకటే. ఎవరికి, ఎప్పుడు, ఏది ముందు తెలియాలన్న లెక్క స్క్రీన్‌ప్లే. నేనైతే మొదటి దారికే ఓటేస్తాను. ఉలిక్కిపడటం ఒక్క క్షణమే, భయపడుతూ కూర్చోవడం సీనంతా ఉంటుంది.

ఆ స్క్రీన్‌ప్లేని ఏ ముక్క లాంగులో, ఏ ముక్క క్లోజులో అని విడగొడితే షాట్ డివిజన్. దాన్ని బొమ్మల్లో గీస్తే స్టోరీబోర్డు. 1933లో నరసాపురంలో పుట్టిన బాపు గారు స్వయంగా చిత్రకారులు కాబట్టి తియ్యబోయే షాట్లు ముందే బొమ్మలు గీసుకునేవారు. ఆయనకి రాసిపెట్టిన ముళ్ళపూడి వెంకటరమణ గారిది ధవళేశ్వరం. వారిద్దరి మొదటి సినిమా 1967లో వచ్చింది, అందులో చాలా భాగం మన పులిదిండిలోనే తీశారు. స్టోరీబోర్డు ఉంటే సుఖం ఏమిటంటే, పొద్దున్నే ఏ లెన్సు పెట్టెలోంచి బయటికి తియ్యాలో అసిస్టెంటుకి తెలిసిపోతుంది. బొమ్మలు రానివాళ్ళు పుల్లల మనుషుల్ని గీసుకున్నా చాలు.

జిల్లాలు మారిపోయినా కలెక్షన్లలో ఇంకా ‘ఈస్ట్’, ‘వెస్ట్’ అనే రాస్తున్నారు. మాది ఇప్పుడు కోనసీమ జిల్లా కదా?
పాఠకుడు, రామచంద్రపురం

2022 ఏప్రిల్ 4న మనవి కొత్త జిల్లాలయ్యాయి. సినిమా వ్యాపారానికి ఆ జీవో అందలేదు. అక్కడ నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అనే పాత వాటాలే. కొనేది అమ్మేది వాటి లెక్కనే కాబట్టి పాత సినిమా వసూళ్ళతో పోల్చాలంటే ఆ గీతలే ఉండాలి. పన్లో పని, గ్రాస్ అంటే టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం. పన్నూ థియేటరు అద్దే పోగా డిస్ట్రిబ్యూటరు చేతికి మిగిలేది షేర్. ఏది రాశారో చూడకుండా అభిమానులు కొట్టుకుంటూ ఉంటారు.

ఫోకస్ పుల్లర్ ఏం చేస్తాడండీ? ఆ పని నేర్చుకుంటే అన్నం పెడుతుందా?
ఐటీఐ చదివిన యువకుడు, ముమ్మిడివరం

నాకు పెట్టింది బాబూ.

కెమెరామన్ వెలుగు చూస్తాడు, ఆపరేటర్ ఫ్రేము చూస్తాడు, ఫోకస్ పుల్లర్ దూరం చూస్తాడు. లెన్సుకి కన్ను ఆనించకుండా, పక్కన నిలబడి, ఆర్టిస్టు కదిలినకొద్దీ లెన్సు రింగు తిప్పుతూ ఉండాలి. ఎంత జాగ్రత్త కావాలో ఒక లెక్క చెప్తాను. 100 ఎం.ఎం. లెన్సు, స్టాపు (లెన్సు ఎంత తెరిచామో చెప్పే అంకె) 2.8, ఆర్టిస్టు ఆరడుగుల దూరం. నికరంగా కనపడే లోతు సుమారు రెండంగుళాలు. కన్ను నిలిస్తే చెవి మసక. ఆవిడ నిట్టూర్చి కాస్త వెనక్కి వాలిందంటే కన్నూ పోయినట్టే. ఆ నిట్టూర్పు వస్తుందని నీకు ముందే తెలియాలి. రిహార్సల్లో డైలాగు ఆర్టిస్టుకంటే మనకే ముందు కంఠతా వచ్చేది అందుకే.

కెమెరా ఒంటి మీద సున్నా మీదుగా అడ్డగీత ఒకటి ఉంటుంది. లోపల ఫిల్ము ఉండే తలం అదే. టేపు అక్కడి నుంచి ఆర్టిస్టు కంటి దాకా పట్టాలి, లెన్సు మూతి నుంచి కాదు. ఆర్టిస్టు ఆగే చోట్లలో నేల మీద గుర్తులు పెట్టుకోవాలి. స్టూడియోలో సుద్దముక్క, రంగు టేపు చాలు. లంకల్లో ఇసుక మీద ఏ గీతా నిలవదు. నేను కొబ్బరి ఈనె ముక్కలు గుచ్చేవాణ్ని, ఫ్రేముకి అందనంత పొట్టిగా. ఆర్టిస్టు కాలికి తగిలితే గుచ్చుకోకుండా మొన వంచేసేవాణ్ని. పడవ కెమెరా మీదకి వస్తుంటే నీళ్ళ మీద టేపు పరవలేం కదా. గట్టున ఫ్రేముకి బయట కొలిచిన దూరాల్లో వెదురు రాటలు పాతించి, పడవ ముక్కు ఒక్కో రాటకి సూటిగా వచ్చినప్పుడు రింగు మీద ఆ గుర్తుకి తిప్పేవాణ్ని. ఎదురుగాలి వీస్తే పడవ నెమ్మదిస్తుంది, మన చెయ్యీ నెమ్మదించాలి.

ఇప్పుడు రిమోటు రింగులూ, దూరం కొలిచే పరికరాలూ, పక్కనే మానిటరూ వచ్చాయి. పని తేలికైందని అనుకోకు. కెమెరాలు కూడా అంతే తీక్షణమయ్యాయి, అప్పట్లో చెల్లిపోయిన మసక ఇప్పుడు చెల్లదు. నీకు ఐటీఐ ఉంది, చేతికి పనిముట్టు అలవాటే. మొదట రెంటల్ కంపెనీలో కెమెరా అటెండెంటుగా చేరు. లెన్సులు తుడవడం, పెట్టెలు సర్దడం, మౌంటులు విప్పడం అక్కడ వచ్చేస్తాయి. షూటింగుకి కెమెరాతోపాటు నిన్నూ పంపుతారు. అక్కణ్ణుంచి అసిస్టెంటు, ఫోకస్ పుల్లర్, ఆపరేటివ్ కెమెరామన్. ఒక్క షరతు, పని దొరకని నెలలకి సరిపడా డబ్బు దొరికిన నెలలోనే పక్కన పెట్టుకోవాలి.

మా ఊరికి వచ్చే వారం షూటింగ్ వస్తోందట. దగ్గరగా చూడాలంటే ఎక్కడ నిలబడాలి తాతగారూ?
తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఆత్రేయపురం

కెమెరా వెనకాల, కాస్త పక్కగా, చిట్టితల్లీ. ‘ఫీల్డ్ క్లియర్’ అని అరిస్తే నీ తల ఫ్రేములోకి వచ్చిందన్నమాట, వెంటనే వెనక్కి జరుగు. ఆర్టిస్టు చూపు పడే చోట నిలబడకు, నిన్ను చూసి వాళ్ళు డైలాగు మర్చిపోతారు. నేల మీద రైలుపట్టాల్లా పరిచినవి ట్రాలీ ట్రాకు, వాటి మీద కూర్చోకూడదు. లైట్ల వైర్లు తొక్కకు, తడికాళ్ళతో అసలే వద్దు. ఒంటిగంటకి ‘లంచ్ బ్రేక్’ అంటారు, అప్పుడు లైట్‌మెన్ దగ్గరికి వెళ్ళి ఏ లైటు పేరేమిటో అడుగు. హీరో గారి కారవాన్ దగ్గర పడిగాపులు కాయడంకంటే అది నయం. వాళ్ళు ఓపిగ్గా చెప్తారు. వెళ్ళేటప్పుడు మీ ఊరి పూతరేకులు నాలుగు పట్టుకెళ్ళు, ఇంకా ఓపిగ్గా చెప్తారు.